పైల్వాన్ కార్డులూ, మూత పెట్టని బోరూ

మొన్నొక ఆదివారం మా అమ్మాయి పుట్టినరోజుకు దాని స్నేహితురాలు తెచ్చిన బహుమతి కాగితం విప్పితే, లోపల ఒక రేకు డబ్బా, డబ్బాలో మెరిసే అంచుల ఆటకార్డుల కట్ట బయటపడ్డాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో వింత జంతువు, దాని కింద బలం ఇంత, వేగం ఇంత అని అంకెలు. అమ్మాయి వాటిని అనంతపురంలోని మా అద్దె ఇంటి నున్నటి గచ్చు మీద వరసగా పరిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. నాకు ఆట నేర్పాల్సిన పని లేకపోయింది. ఎదుటివాళ్ల చేతిలో ఏ కార్డు ఉండి ఉంటుందో, ఏ అంకె అడిగితే గెలుస్తామో నా బుర్ర తనంతట తానే లెక్క వేసుకుంది. కానీ నాలుగో కార్డు తీసుకునేసరికి, పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నా, నా అరచేతులు తడిసిపోయాయి. అమ్మాయి నా ముఖం చూసి, ఓడిపోతానని నాన్న భయపడుతున్నాడనుకుంది.

మీలో రెండు వేల సంవత్సరానికి అటూ ఇటూగా ఐదో ఆరో తరగతి చదివినవాళ్లకు నేను ఏ కార్డుల గురించి చెప్పబోతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. రూపాయికి వచ్చే చూయింగ్ గమ్ పొట్లంలో గమ్ముకు అతుక్కుని ఒక కార్డు ఉండేది. గమ్ము ఐదు నిమిషాలు తియ్యగా ఉండి తర్వాత సుద్దముక్కలా మారేది గానీ, కార్డుకు పట్టిన ఆ వాసన నెలల తరబడి పోయేది కాదు. టీవీలో కొట్టుకునే విదేశీ పైల్వాన్ల బొమ్మలవి. బొమ్మ కింద ఐదు వివరాలు: ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన పోటీలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తమ కట్టలోని పైకార్డు చూసుకుంటారు. ఒకడు బరువు నూట నలభై అంటాడు. ఎదుటివాడి కార్డులో బరువు అంతకంటే తక్కువైతే ఆ కార్డు వీడిదైపోతుంది. ర్యాంకులో మాత్రం చిన్న అంకెదే గెలుపు. ఉత్త ఆటలో చివరకు ఎవరి కార్డులు వాళ్లకు ఇచ్చేయాలి. నిజం ఆటలో పోయిన కార్డు పోయినట్టే.

వజ్రకరూరుకు నడిచి పోయేంత దూరంలో ఉన్న మా ఊళ్లో ఆ పైల్వాన్ల ఇంగ్లీషు పేర్లు చదవగలిగినవాడు ఒక్కడూ లేడు కాబట్టి వాళ్లకు మేమే పేర్లు పెట్టుకున్నాం: బండోడు, జుట్టోడు, పొడుగోడు, ఏడుపు మొగమోడు, ముసుగోడు. మొత్తం అరవై కార్డులు. నా లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో స్కేలు పెట్టి గళ్లు గీసి, ఏ నంబరు నా దగ్గర ఉంది, ఏది రెండు ఉన్నాయి, ఏది ఎవరి దగ్గర ఉంది అని రాసుకునేవాణ్ణి. ఒక్కో కార్డుకు ఐదు వివరాల్లో ఏది అడిగితే గెలుపు ఖాయమో కూడా ఎర్రసిరాతో గుర్తు పెట్టేవాణ్ణి. నన్ను తర్వాత పాలిటెక్నిక్‌లో చేర్పించింది పదో తరగతి మార్కులని మా ఇంట్లో అంటారు గానీ, అసలు చేర్పించింది ఆ గళ్ల పేజీలేనని నా నమ్మకం. మా బావ, అంటే మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్దవాడు, ఈ గళ్లను చూసి పగలబడి నవ్వేవాడు. వాడు ఏ లెక్కా లేకుండా కళ్లు మూసుకుని ఆడి మరీ గెలిచేవాడు. నాకు లేని ముప్పై ఏడో నంబరు, అంటే ముసుగోడు, మా ఊరు మొత్తానికి వాడి దగ్గర మాత్రమే ఉండేది.

ఆ ఆటలో నాకున్న సంతోషాన్ని ఇంతకంటే విడమర్చి చెప్పలేను. ఎందుకంటే ఆ సంతోషానికి మొదటి నుంచీ భయం అతుక్కునే ఉంది. మా నాయనకు ఆటకార్డు అన్నా పేకముక్క అన్నా ఒకటే. ఊళ్లో ఒకప్పుడు పేకాట దగ్గర మొదలైన గొడవలో ఇద్దరు అన్నదమ్ములు కొడవళ్లు పట్టుకున్నారట. అది కళ్లారా చూసిన మనిషి. నా మొదటి కట్ట, ఇరవై రెండు కార్డులు, బడిసంచిలో ఆయనకు దొరికినప్పుడు ఇవి పైల్వాన్ల బొమ్మలు నాయనా అని నేను ఏడుస్తూ చెప్పబోయాను. "పైల్వానైతేమి, రాజైతేమిరా? ముక్క ముక్కే," అని ఆయన వాటిని అన్నం ఉడుకుతున్న పొయ్యిలోకి తోశాడు. మళ్లీ కనిపిస్తే ఏం జరుగుతుందో ఆయన చెప్పలేదు. చెప్పకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అందుకే రెండో కట్టను ఇంట్లో పెట్టకూడదని తీర్మానించుకున్నాను.

ఎక్కడ దాచాలని ఒక జాబితా వేసుకున్నాను. గాదె కింద ఎలుకలు. బడి పైకప్పు సందులో బావ. పశువుల కొట్టంలో మా జేజి, అంటే నాయన తల్లి, పొద్దుగూకులూ అక్కడే ఉంటుంది. అన్నీ కొట్టేయగా మిగిలింది చేనులోని ఎండిపోయిన బోరు.

మా నాయనా, చిన్నాయనా కలిసి ఆ చేనులో ఏడు బోర్లు వేయించారు. ఏడింటిలో రెండు మాత్రమే కొన్నాళ్లు నీళ్లిచ్చాయి, చివరకు అవీ ఎండిపోయాయి. మట్టి జారకుండా పైభాగంలో దించే కేసింగు గొట్టాన్ని బోరు ఎండగానే పీకి, తర్వాతి బోరుకు వాడుకునేవాళ్లు. గొట్టం పీకిన చోట వానకు అంచులు కరిగి కరిగి, నేల మీద ఒక బిందె దిగేంత కంత మిగిలేది. దాన్ని పూడ్చేవాళ్లు కాదు. మా ఊళ్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ రైతూ పూడ్చేవాడు కాదు. ఒక మంచి వాన పడితే ఊట తిరిగి రావచ్చు. మూడేళ్లు ఎండిన బోరు నాలుగో ఏడు నీళ్లిచ్చిన సంగతి ఎవరో ఒకరు ఎప్పుడూ చెబుతూనే ఉండేవాళ్లు. పూడ్చిన చోటికి గంగమ్మ మళ్లీ తొంగిచూడదని మా జేజి నమ్మకం. కాబట్టి ఒక్కో కంత మీదా ఒక నాపబండ కప్పి, దాని మీద మూడు రాళ్లు పేర్చి, ఏటా వానకోసం చూసేవాళ్లు.

నా బోరు నాలుగోది. కార్డులను ప్లాస్టిక్ కవరులో చుట్టి, దానికి నైలాన్ పురి కట్టి, పురి రెండో కొసను ఒక అడ్డపుల్లకు ముడేసి, కవరును లోపలికి మూరెడు లోతు వేలాడదీసి, పైన బండ జరిపేవాణ్ణి. బండను ఎత్తలేను గానీ, బోర్లా పడుకుని రెండు చేతులతో లాగితే జరిగేది. ప్రతిసారీ బండ జరగ్గానే లోపలి నుంచి చల్లటి గాలి, ఒక పాత ఇనుము వాసన నా ముఖానికి తగిలేవి. ఒకసారి చిన్న గులకరాయి వేసి లెక్కపెట్టాను. గోడలకు తగిలి, మళ్లీ తగిలి, నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి కింద ఎక్కడో సన్నగా శబ్దం వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో పైనుంచి పడే వస్తువు సూత్రం చెప్పినప్పుడు, క్లాసులో అందరూ మేడ మీది బంతికి లెక్క వేస్తుంటే, నేను నా నాలుగు సెకన్లకు వేసుకున్నాను. రెండు వందల ముప్పై అడుగులకు పైనే వచ్చింది. పెన్ను పక్కన పెట్టేసి ఆ గంటంతా ఏమీ రాయలేకపోయాను.

ఆ ఏడు తొలకరి ఒక శుక్రవారం పడింది. తొలకరి పడిందంటే మా చేలల్లోకి ఎక్కడెక్కడి మనుషులో వచ్చేస్తారు, ఇది మీకు తెలిసిందే. వాన కడిగిన ఎర్రమట్టిలో ఎక్కడైనా వజ్రం తళుక్కుమంటుందేమోనని, చద్దిమూటలు కట్టుకుని, నడుము వంచి, అడుగడుగూ నేలనే చూసుకుంటూ తిరుగుతారు. విత్తనం పడేదాకా వాళ్లను ఎవరూ ఏమీ అనరు. ఆ ఏడు మా చేను గట్టు మీది వేపచెట్టు కింద కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన భార్య దిగారు. సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో ఒక చిన్న అద్దం ముక్క. ఏరిన రాయి మీదికి ఆ అద్దంతో ఎండను మళ్లించి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, పారేసేవాడు. పిల్లలు దగ్గరికి పోతే బిస్కెట్లు ఇచ్చేవాడు. మా చిన్నాయన కూతురు, ఐదేళ్ల చెల్లెలు, ఆ రెండు రోజులూ ఆయన వెనకాలే తిరిగింది. ఆయన వెనక తిరగనప్పుడు నా వెనక తిరిగేది.

ఆదివారం పొద్దున బావతో నిజం ఆట. ముసుగోణ్ణి పందెంలో పెట్టడానికి వాడు ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. నేను ఎప్పుడూ అన్ని కార్డులూ పట్టుకుపోయేవాణ్ణి కాదు. ఆ రోజుకు పనికొచ్చే పన్నెండు మాత్రం ఏరుకుని, మిగతావి కవరులోనే ఉంచి, తిరిగి వేలాడదీశాను. బండను లాగబోతుంటే గట్టు అవతల నాయన దగ్గు వినిపించింది. ఒక్క ఉదుటున లేచి, చెనిక్కట్టె వామి చాటు నుంచి, అంటే వేరుశనగ చెట్లు ఎండబెట్టి వేసిన కుప్ప చాటు నుంచి, ఊరివైపు పరుగెత్తాను. బండ పక్కకే ఉండిపోయింది. అది నాకు తెలియక కాదు. ఆట అయ్యాక వచ్చి కప్పవచ్చు, ఇంతలో ఎవరొస్తారులే అనుకున్నాను.

బడి అరుగు మీద ఆట మొదలైంది. "ఏమప్పా ఇంజనీరూ, ఇంకా పుస్తకం తెర్సలేదా?" అని బావ ఎగతాళి చేస్తూనే నాలుగు కార్డులు పోగొట్టుకున్నాడు. ఆ రోజు నా లెక్క తప్పలేదు. వాడి చేతిలో ముసుగోడు పైకి వచ్చాడని వాడి పెదాలు చూసి పసిగట్టాను. ఛాతీ అడగాలని నోరు తెరిచాను.

అప్పుడు మా చిన్నమ్మ వీధిలోకి వచ్చి అరిచిన అరుపు వినిపించింది. "పాప యాడుండాది? మీ కాడికి వచ్చిందా? సంగటి తినను రాల్యా, యాడ పోయింది పాప?"

నేను అడగవలసిన అంకె నోట్లోనే ఉండిపోయింది. లేచి చేనుకు పరుగెత్తాను. ఎందుకు పరుగెడుతున్నానో నాకప్పటికే తెలుసు, కానీ మనసులో ఆ మాట అనుకోకుండా పరుగెత్తాను. బండ నేను వదిలేసిన చోటే ఉంది. అడ్డపుల్ల లేదు. పురి లేదు. కంత అలాగే నోరు తెరుచుకుని ఉంది.

నేను కంత దగ్గర కార్డులు దాచడం చెల్లెలు ఒకటి రెండుసార్లు చూసింది. చెబితే తంతానని బెదిరించాను. మోకాళ్ల మీద కూర్చుని, ముఖం లోపలికి పెట్టి దాని పేరు పిలిచాను. నా గొంతే లావుగా మారి తిరిగి వచ్చింది. చేతికి ఒక గులకరాయి దొరికింది. అలవాటుగా వేయబోయి ఆగిపోయాను. కింద అది ఉంటే? రాయి దాని తల మీద పడితే? ఆ రాయిని గుప్పిట్లో పట్టుకుని వెనక్కు పరుగెత్తాను. నాయనకు చెప్పాలి. దారంతా ఎవరికి చెప్పాలా అని వరస పెట్టుకుంటూ పరుగెత్తాను: నాయనకు చెబితే చంపేస్తాడు, చిన్నాయనకు చెబితే చంపేస్తాడు, చిన్నమ్మకు చెబితే ఆమే చచ్చిపోతుంది, జేజికి చెబితే అరుస్తుంది. వరసలో నాలుగు పేర్లూ అయిపోయాయి, ఊరూ వచ్చేసింది, నేను ఎవరికీ చెప్పలేదు.

ఊరి మొదట్లో గుంపు చేరింది. ఎవరో పాపను కర్నూలు ముసలాయన దగ్గర బిస్కెట్లు తింటుండగా చూశామన్నారు. ఆ ఒక్క మాట చాలింది. చెట్టు కింద నుంచి ఆయన్ను పట్టుకొచ్చారు. మా చిన్నాయన ఆయన చొక్కా పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆయన మూట విప్పి రోడ్డు మీద కుమ్మరిస్తే గులకరాళ్లు, ఒక సత్తుగిన్నె, మూడు బిస్కెట్ పొట్లాలు పడ్డాయి. పొట్లాలు చూడగానే గుంపు ఇంకా రెచ్చిపోయింది.

"యాడ పెట్టినావ్ పాపను? ఎవురికి ఇచ్చినావ్?"

"నాకేం తెల్సు నాయనా, పొద్దున బిస్కత్తు తీసుకోని అట్ల పోయింది. నాకూ మనవరాళ్లుండారు, వాళ్ల మీద ఒట్టు."

"వజ్రాలంట వజ్రాలు! పిల్లల్ని పట్టను వచ్చినారు నా కొడుకులు."

ఎవరి చెయ్యో లేచి ఆయన చెంప మీద పడింది. కళ్లద్దాలు ఎగిరి రాళ్లలో పడ్డాయి. ఆయన భార్య మా చిన్నాయన కాళ్లు పట్టుకుని ఆ రాళ్లలోనే కూలబడింది. ఎవరో తాడు తెమ్మన్నారు. నాకు పదకొండేళ్లు. ఈ గుంపులో ఏం జరుగుతున్నదో అర్థం చేసుకోవడానికి అది సరిపోయే వయసే. నేను నోరు విప్పకపోతే ఈ ముసలాయన చచ్చిపోతాడని స్పష్టంగా తెలిసింది. అయినా కాళ్లు కదలడానికి ఎంతసేపు పట్టిందంటే, ఆ మధ్యలో ఆయన మీద ఇంకో దెబ్బ పడింది. ఆ రెండో దెబ్బ నాది. ఇన్నేళ్లుగా దాన్ని నా లెక్కలోనే రాసుకున్నాను.

నాయన పంచె పట్టుకుని లాగాను. "నాయనా, బోరు," అన్నాను. "నాలుగో బోరు. బండ... నేనే."

నాయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఎంతసేపో కాదు, రెప్పపాటు. తర్వాత ఆయన పరుగెత్తాడు. వెనక ఊరంతా పరుగెత్తింది. చిన్నమ్మ సగం దారిలో పడిపోతే ఆడవాళ్లు మోసుకొచ్చారు.

నాయన కంత పక్కన బోర్లా పడుకున్నాడు. లోపల చీకటి. "అద్దం తేండప్పా, అద్దం!" అని అరిచాడు. మా ఇంట్లో గోడకు వేలాడే అద్దం తెచ్చారు. దాన్ని ఎండకు పట్టి, వెలుగును లోపలికి మళ్లించాలి. కానీ నాయన చేతులు వణికిపోతున్నాయి. వెలుగు కంత అంచు మీద, ఆయన ముఖం మీద, మా కాళ్ల మీద ఎగురుతున్నది గానీ లోపలికి దిగడం లేదు. చిన్నాయన అద్దం లాక్కున్నాడు, ఆయన చేతులు ఇంకా ఎక్కువ వణికాయి.

అప్పుడు గుంపు వెనక నుంచి, చెంప వాచిన ఆ ముసలాయన ముందుకు వచ్చాడు. ఆయన్ను ఎవరూ వదలమనలేదు, పట్టుకోవాలని కూడా ఎవరికీ గుర్తు లేనట్టుంది. "ఇట్లీ నాయనా," అని చిన్నాయన చేతిలోంచి అద్దం తీసుకున్నాడు. మోకాలి మీద మోచెయ్యి ఆనించి, సూర్యుణ్ణి ఒకసారి చూసి, అద్దాన్ని వాల్చాడు. వెలుగు తిన్నగా కంతలోకి దిగి నిలబడింది. అది ఇసుమంతైనా కదలలేదు.

"సూడప్పా. మెల్లగా దించుతా. ఏమన్నా కండ్ల బడితే చెప్పు."

నాయన తల కంతలో ఉంది. "మట్టి," అన్నాడు. "మట్టి." తర్వాత చాలాసేపటికి, "తెల్లగా ఏమో ఉండాది," అన్నాడు. చిన్నమ్మ గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని నేను రాయలేను. "కాగితం. కాగితాలు గోడకు అంటుకోనుండాయి. దాని కింద... కండ్లకు ఆనదు. చీకటి." నా కార్డులవి. గుప్పిట్లోని గులకరాయి అరచేతిలోకి దిగబడుతున్నది.

ముసలాయన అద్దం కింద పెట్టి, కంత చుట్టూ నేలకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగాడు. కళ్లద్దాలు లేవు కదా, అంత దగ్గరికి పోతే గానీ కనబడదు. వేలితో అంచంతా తడిమాడు. "అందరూ ఈడనే నిలబడండి, ఒక్క అడుగు కదల్చద్దండి," అన్నాడు. మమ్మల్ని ఆజ్ఞాపించే గొంతు కాదది, కానీ అందరూ నిలబడిపోయారు.

"ఇది మనిసి జారిన బోరు కాదు. వానకు గట్టిపడిన పొర ఇది, అంచు యాడా ఇరగలేదు సూడు. పిల్ల జారింటే ఈ పొర నిలుస్తాదా?" అని, అలాగే వంగి, మా అందరి కాళ్లూ తొక్కని అవతలి వైపుకు పాకుతున్నట్టు నడిచాడు. ఏళ్ల తరబడి వాన కడిగిన నేలను అంగుళం అంగుళం చదివిన మనిషి. మాకెవరికీ కనబడనిది ఆయనకు కనబడింది. "ఇగో పాప పాదం. ఇగో ఇంకోటి. ఏదో ఈడ్సుకుంటా పోయింది, పురి గీత ఉండాది. ఇట్ల పోయింది."

ఆయన వెనక మా నాయన, నాయన వెనక అందరం, గీత వెంబడి నడిచాం. గీత చెనిక్కట్టె వామి చుట్టూ తిరిగి, అవతలి వైపు మేకలు మేసి తొలిచిన గూడు దగ్గర ఆగింది. ఆ గూట్లో చెల్లెలు నిద్రపోతున్నది. మూతికి బిస్కెట్ పొడి, ఒళ్లో నా పైల్వాన్లు. కవరు పైకి లాగేటప్పుడు జారిపోయినవి పోగా మిగిలినవన్నీ తెచ్చుకుని, నేను చూస్తే తంతానని నక్కి, అలాగే నిద్రపోయింది.

చిన్నమ్మ దాన్ని ఎత్తుకుని, కొట్టి, ముద్దుపెట్టుకుని, మళ్లీ కొట్టింది. చిన్నాయన ముసలాయన చేతులు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మా జేజి ఇంటికొచ్చి ముద్ద తినమని ఆ దంపతులను బతిమాలింది. ఆయన ఏమీ కోపగించుకోలేదు. నా కండ్లద్దాలు ఎవరన్నా ఎతికిస్తారా అని మాత్రం అడిగాడు. దొరికాయి గానీ ఒక పక్క పూర్తిగా పగిలిపోయింది. బాగు చేయించి ఇస్తామని నాయన చెప్పి, మర్నాడు పొద్దున పోయి చూసేసరికి చెట్టు కింద మూడు పొయ్యిరాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ ఏడు తొలకరి అప్పుడే మొదలైంది. ఇంకో నెల రోజులు ఏరుకోవలసిన మనిషి. నేల చదివే కళ్లే ఆయనకున్న ఆస్తి అని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. మరుసటి ఏడూ, ఆ పై ఏడూ ఆ చెట్టు కిందికి ఎవరెవరో వచ్చారు గానీ ఆయన రాలేదు.

నాయన నన్ను కొట్టలేదు. ఆ రెండు రోజులూ ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. మంగళవారం పొద్దున ఆయన నా చేతికి ఒక గంప ఇచ్చి చేనుకు రమ్మన్నాడు. మొదటి బోరు దగ్గర బండ తీసి, రాళ్లు, ఆ పైన మట్టి పోయడం మొదలుపెట్టాడు. గట్టు మీద నుంచి జేజి, "పూడ్సద్దురా, నీళ్ల తావు అది, గంగమ్మకు దారి మూస్తాండావ్," అని అరిచింది. ఆయన ఇంకో గంప పోశాడు. ఐదు రోజులు పట్టింది. నాలుగో బోరులో నా కార్డుల మీద మొదటి గంప మట్టి నన్నే పోయమన్నాడు. పోశాను. ఎక్కడ పడిందో శబ్దం రాలేదు. ఏడూ పూడ్చాక ఆయన ఒక్క మాట అన్నాడు, అదీ నాతో కాదు, చేనుతో అన్నట్టు: "ఇంగ సూసేదేం లేదు."

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. పక్క చేనువాళ్ల ఎండిన బోరు ఒకటి, వాళ్లు పూడ్చనిది, ఊట తిరిగి వచ్చి రెండంగుళాల నీళ్లు పోసింది. సాయంత్రాలు నాయన గట్టు మీద నిలబడి ఆ గొట్టం వైపు చూసేవాడు. మా ఏడింటిలో ఏదైనా వచ్చి ఉండేదేమో అని ఆయన ఎన్నడూ అనలేదు.

నేను ఇప్పుడు భూగర్భజలాల కొలతల పనిలో ఉన్నాను. ఊరూరా తిరిగి పరిశీలన బోర్లలోకి టేపు దించి లోతు రాసుకుంటాను. ఇప్పటి బోర్లకు ఇనుప మూతలు, వాటికి బోల్టులు. పిల్లలకు కార్డులు పుట్టినరోజు బహుమతులుగా పెద్దవాళ్లే కొనిస్తారు, దాచుకోవలసిన పని లేదు. మా అమ్మాయి ఏ నిమిషం ఎక్కడుందో నాకు తెలుస్తూనే ఉంటుంది. పొద్దున బయటపడి సంగటి వేళకు గానీ ఎవరికీ గుర్తురాని ఆ మా తిరుగుళ్లు దానికి లేవని ఒక్కోసారి జాలి వేస్తుంది. ఆ జాలి పూర్తి కాకముందే ఒళ్లు జలదరిస్తుంది. కళ్లు మూసుకుంటే అరవై కార్డుల్లో ఏ కార్డు ఛాతీ ఎంతో ఇప్పటికీ చెప్పగలను. ముసుగోడి దగ్గర మాత్రం నోరు అలాగే ఆగిపోతుంది.

పోయిన చలికాలం చెల్లెలు ఊరికి వచ్చింది. గుంతకల్లులో నర్సుగా పనిచేస్తున్నది. ఆ నాటి సంగతిలో దానికి గుర్తున్నది బిస్కెట్లు, వామిలోని వెచ్చదనం, ఆ తర్వాత నేను కార్డులన్నీ దానికే ఇచ్చేయడం, అంతే. ఇద్దరం చేనుకు పోయాం. కాలువ నీళ్లు వచ్చాక నేల చదును చేసి, డ్రిప్పు గొట్టాలు పరిచారు. వేరుశనగ సాళ్లు ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసినట్టు ఉన్నాయి. నాలుగో బోరు ఎక్కడో చూపించమంది. గట్టు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను, తప్పాను, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. కొలతలే వృత్తిగా బతికేవాడికి ఆ చోటు దొరకలేదు.

"నన్ను మింగాల్సిన బోరు నీకే తెల్దా అన్నా? ఈడనా? ఈడనా?" అని అది నవ్వుతూ, మడమలతో నేలను తడుతూ సాళ్ల మధ్య గెంతింది.

కింద గట్టి నేల అని నాకు తెలుసు. నా చేతులతో పోసిన మట్టే అది. అయినా ఒక్క అంగలో పోయి దాని చెయ్యి పట్టి ఇవతలికి లాగాను. నొప్పి పుట్టేంత గట్టిగా లాగినట్టున్నాను, దాని నవ్వు ఆగిపోయింది. రోడ్డు చేరేదాకా నేను ఆ చెయ్యి వదల్లేదు, అది కూడా వదలమని అడగలేదు.